నూటికి యాభై రెండు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. పాతదాన్నంటే మ్యూజియంలో పెట్టుకునేంత పాతదాన్ని కాదు. అలాగని ఎవరైనా ముచ్చటపడి కొనుక్కునేంత కొత్తదాన్నీ కాదు. మనుషులకైనా యంత్రాలకైనా ఆ రెండింటి మధ్య ఒక వయసుంటుంది. ఆ వయసులో ఎవరూ పట్టించుకోరు. ప్రస్తుతం కాకినాడ శివార్లలో ఒక పాతసామాన్ల కొట్టులో, తలుపు లేని ఫ్రిజ్ పక్కన కూర్చుని ఉన్నాను. నా నెత్తిమీద ఎవరో తడి గోనెసంచి ఆరేశారు. బాధగా ఉందా అంటే, లేదు. నాకు స్పర్శ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత దీనితో పని పడుతుంది.

నాకు సొంతూరంటూ ఒకటి లేదు. నా గుండెకాయ ఒక దేశంలో, జ్ఞాపకశక్తి ఇంకో దేశంలో తయారయ్యాయి. పైన రేకుపెట్టె మద్రాసు నుంచి లారీలో వచ్చింది. కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఒక షాపులో ఇద్దరు కుర్రాళ్ళు మిరపకాయ బజ్జీలు తింటూ, ఆ నూనె చేతులతోనే నన్ను ఒక మధ్యాహ్నంలో బిగించేశారు. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. ఇద్దరూ దాన్ని చూశారు, నన్ను చూశారు, ఆ పైన ఒకడు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. అది ఎక్కడి స్క్రూనో నాకిప్పటికీ తెలియదు. లేకపోయినా బండి నడిచింది.

మొదట నన్ను శుభలేఖలు అచ్చేసే ప్రెస్సువాళ్ళు కొన్నారు. ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో లెక్క లేదు. పేర్లు మారేవి, ముహూర్తాలు మారేవి, 'మదర్పిత చందన తాంబూలాదులు' మాత్రం కదిలేవి కావు. అచ్చయ్యాక పెళ్ళి ఆగిపోయిన కార్డులు కూడా కొన్ని నాలో ఉండేవి. వాటినెవరూ తుడిచేయలేదు. తర్వాత ప్రెస్సాయన కొత్త యంత్రం తెచ్చుకుని నన్ను తన బావమరిది జిరాక్స్ షాపుకి తోసేశాడు. అక్కడి నుంచి అప్పాజీ చేతికి వచ్చాను.

అప్పాజీకి జగన్నాథపురం వంతెన దిగాక ఒక చిన్న వీడియో గేముల షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు గేమ్ పెట్టెలు, గుమ్మం బయట ఎప్పుడూ ఓ పది జతల చెప్పులు. అన్నిటికంటే గిరాకీ ఒక కుస్తీ ఆటకి ఉండేది. అందులో ఆఖరి మల్లుడికి మొహానికి ఎర్ర ముసుగు. వాణ్ణి పడగొట్టడం పిల్లల వల్ల అయ్యేది కాదు. ఓడిపోయి ఓడిపోయి, చివరికి జాయ్‌స్టిక్ తెచ్చి అప్పాజీ చేతికిచ్చేవాళ్ళు. ఆయన కూర్చునేవాడు కూడా కాదు. నిలబడే, ఇంకొకరితో మాట్లాడుతూనే, కుడి బొటనవేలితో నాలుగు మీటలు టకటకా నొక్కి ముసుగువాణ్ణి మట్టి కరిపించి, జాయ్‌స్టిక్ తిరిగి ఇచ్చేసేవాడు. ఊళ్ళో ఆయనకున్న గొప్ప అదొక్కటే. చిన్న గొప్పే, కానీ నిజమైన గొప్ప.

నన్ను కొన్నది ఫోన్లలోకి పాటలు ఎక్కించడానికి. అప్పటికే ఆటలు కూడా ఫోన్లలోకి వెళ్ళిపోతున్నాయి. కొన్నాళ్ళకి పాటలూ వాటంతటవే ఫోన్లలోకి రావడం నేర్చుకున్నాయి. షాపు మూతపడింది. గేమ్ పెట్టెల్లో మూడు అమ్ముడుపోయాయి, ఇంటికి తెచ్చుకున్న నాలుగోది సముద్రపు గాలికి తుప్పుపట్టి పోయింది. నేనూ, ఒక జాయ్‌స్టిక్కూ, ఆ కుస్తీ ఆట సీడీ మిగిలాం. అప్పాజీ ఒక స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దింపే పనికి కుదురుకున్నాడు.

ఇంట్లో నన్ను ఆయన భార్య తాయారు కుట్టుమిషను పక్కన పెట్టారు. తాయారు జాకెట్లు కుడుతుంది. ఆ ఇంట్లో బట్ట లేని వస్తువు ఉండదు. టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఫ్రిజ్ పైన ఒకటి, దాని పిడికి ఇంకొకటి. నాకు కర్టెన్ గుడ్డ మిగిలితే దాంతో కుట్టింది, ఆకుపచ్చ మీద మామిడి పిందెలు, అంచుకి కుచ్చులు. కుట్టు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే నేను నడుస్తున్నప్పుడు కూడా అది తీసేది కాదు. ముందువైపు కొంచెం ఎత్తి, మీట నొక్కి, మళ్ళీ కిందికి వదిలేసేది.

"అమ్మా, దానికి గాలాడదే," అనేది కూతురు హిమజ.

"దుమ్ము పడితే పాడైపోదేటి?" అనేది తాయారు.

ఇద్దరి మాటా నిజమే. నాలో వేడి ఎంతుందో చూసుకునే ఏర్పాటు ఒకటుంది. మరీ వేడెక్కితే నాకు నేనే పని తగ్గించుకుని నెమ్మదిస్తాను. ఆ కవరు కింద నేను ఎప్పుడూ నెమ్మదిగానే ఉండేదాన్ని. వచ్చే పని కూడా అంతంత మాత్రమే కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఈలోగా నన్ను నడిపించే లోపలి వ్యవస్థ ఉంది చూశారూ, దాన్ని తయారుచేసినవాళ్ళు, ఇకమీదట దాని బాగోగులు మేం చూడం అని ప్రకటించేశారు. ఆ రోజు నుంచి ఏ కొత్త ప్రోగ్రాము ఎక్కించబోయినా గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసి, మీది చాలా పాతదండీ అని వెళ్ళిపోయేది. నాకేం అనిపించలేదు. నన్ను కన్నవాళ్ళెవరో నాకే సరిగా తెలియదు, వదిలేసినవాళ్ళ మీద కోపం ఎక్కడిది?

అలా ఉండగా అప్పాజీకి పక్షవాతం వచ్చింది.

బస్సు దిగుతూ దిగుతూ పడిపోయాడట. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక కాలు కొద్దికొద్దిగా దారికొచ్చింది. మాట కొంచెం ముద్దగా వచ్చినా వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. వేళ్ళు కదిలేవి, కానీ వాటికి ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు తాయారు కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి అటు తిరిగింది. ఆయన అలవాటుగా కుడిచేత్తో పట్టుకుని టీవీ చూస్తూ కూర్చున్నాడు. పొగలు కక్కే స్టీలు గ్లాసది. ఆమె వచ్చి చూసేసరికి వేళ్ళ మీద చర్మం తెల్లగా పొంగిపోయి ఉంది. ఆయన ఇంకా టీవీ చూస్తూనే ఉన్నాడు. తాయారు అరవలేదు. గ్లాసు లాగేసి, చెయ్యి నీళ్ళలో పెట్టి, చాలాసేపు అలాగే పట్టుకు కూర్చుంది. ఆ తర్వాత కాఫీ ఎప్పుడూ చల్లార్చి, ఎడమచేతికే ఇచ్చేది.

ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఏడుపులేమీ లేవు. అన్నం ఉడికేది, మిషను నడిచేది, టీవీ మోగేది. మనుషులు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచేవాళ్ళు. నాకు అలవాటైన బతుకే అది. ముగ్గురూ నాలాగే ఉన్నారే అనుకున్నాను.

వ్యాయామం చేయించడానికి గ్రేస్ గారని ఫిజియోథెరపీ ఆవిడ వచ్చేవారు. ఆయన్ని కళ్ళు మూసుకోమని, కుడిచేతి మీద దూదితో రాసి, "ఎక్కడ రాస్తున్నానో చెప్పండి" అనేవారు. "తెలీడం లేదండి" అనేవాడు అప్పాజీ. మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంటే రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేసేవాడు.

"ఊరికే వదిలేస్తే చెయ్యి అన్నీ మర్చిపోతుందమ్మా," అన్నారు గ్రేస్ గారు తాయారుతో. "ఏదో ఒక పని దానికి చెబుతూనే ఉండాలి. ఇదివరకు ఈ చేత్తో ఇష్టంగా ఏం చేసేవారు?"

తాయారు కాస్త సిగ్గుపడింది. "ఆటలాడేవారండి. చిన్నపిల్లల ఆటలు."

ఆ మాట హిమజ పట్టుకుంది. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పట్టుకున్నది వదలదు. ఫోనులో ఆట పెట్టి ఇస్తే అద్దం మీద ఆయన వేలికి ఏమీ ఆనలేదు. నొక్కితే లోపలికి దిగే మీటలే కావాలి. అంటే ఆ జాయ్‌స్టిక్కే కావాలి, దాన్ని తగిలించడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. చచ్చిపోయిన గేమ్ పెట్టెలాగా కంప్యూటర్ చేత నటింపజేసే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. ఎమ్యులేటర్ అంటారు. దాన్ని ఎక్కిస్తే పాత సీడీ మళ్ళీ ఆడుతుంది.

అది నాలోకి ఎక్కడానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో. కొత్తవన్నీ మామూలుగానే ఎగాదిగా చూసి వెళ్ళిపోయాయి. హిమజ ఫోనులో వెతికి వెతికి, నా కాలం నాటిదే ఒక పాత ఎమ్యులేటర్‌ని ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చింది. అది లోపలికి వచ్చి, ఫలానా ఫైలు లేదు అని కూర్చుంది. ఆ ఫైలు తెస్తే ఇంకొకటి లేదంది. పెళ్ళివారి అలకలు నేను చాలా చూశాను, కాబట్టి నాకు కొత్తేమీ అనిపించలేదు. చివరికొక రోజు తెర మీద ఎర్ర ముసుగువాడు ప్రత్యక్షమయ్యాడు. శబ్దం మాత్రం పేలాలు వేగినట్టు చిటపటలాడింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు బెదురుతున్నారని తాయారు ఆపించేసింది. తెరంతా నింపి ఆడిస్తే నేను బిగుసుకుపోయేదాన్ని, అందుకని ఆటని చిన్న కిటికీలోనే నడిపేవాళ్ళు. ఆ కిటికీ పైన పట్టీలో నూటికి ఇంత అని ఒక అంకె కనబడేది.

అప్పాజీ వచ్చి కూర్చున్నాడు. జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు మీట మీదే ఉందో లేదో చూసుకుంటూ చూసుకుంటూ ఆడాడు, ఓడిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మధ్యలో అలసిపోతే కుడిచెయ్యి తీసుకొచ్చి నా నెత్తిన, కవరు మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చేతికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఇద్దరికీ అలా కుదిరింది.

కొన్ని వారాలకి గెలవడం మొదలుపెట్టాడు. ముందు చిన్నాచితకా మల్లుల మీద, తర్వాత పెద్దవాళ్ళ మీద. తాయారు మిషను ఆపి ఆ పైపట్టీలో అంకె చూసేది. నలభై ఎనిమిది, యాభై, యాభై రెండు. అది నూటికి ఆయనకి వస్తున్న మార్కులని ఆమె అనుకుంది. ఆమె తప్పేం లేదు, ఆ ఇంట్లో నూటికి ఇన్ని అని కనబడితే అవి మార్కులే. గ్రేస్ గారు రాగానే గుమ్మంలోనే చెప్పేది, "నిన్న యాభై రెండు వచ్చాయండి." గ్రేస్ గారు ఆ తెర వంక ఎప్పుడూ చూడలేదు. "మంచిదమ్మా" అనేవారు.

నిజానికి అది నా అంకె. అసలు గేమ్ పెట్టె వేగంలో నేను నూటికి ఎంత లాగగలుగుతున్నానో చెప్పే అంకె. వయసుకి తోడు కవరు, కవరుకి తోడు వేడి, నేను సగమే లాగుతున్నాను. ఎర్ర ముసుగువాడు చెయ్యి ఎత్తి దించేలోపు అప్పాజీ వేలికి వెతుక్కునే తీరిక దొరుకుతోంది. ఆయనకి ఆ సంగతి తెలియలేదు. శబ్దం లేదు. పైగా ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నడక, మాట, బొత్తాలు పెట్టుకోవడం అన్నీ నెమ్మదే, ఆటొక్కటి వేరుగా ఎందుకు తోస్తుంది? ఒకసారి తాయారు కవరు ఉతికి ఆరేసినరోజు అంకె అరవై దాటింది. ఆ రోజు ఆయన వరసగా ఓడిపోయాడు. "మార్కులు పెరిగాయి కదండీ, బాగానే ఆడారు," అంది తాయారు. సాయంత్రానికి కవరు ఆరింది, నాకు తొడిగేసింది.

ఆ వేసవి వెళ్ళేలోపు ఆయన ముసుగువాణ్ణి పడగొట్టాడు. జాయ్‌స్టిక్ బల్లమీద పెట్టి తాయారు వైపు తిరిగి, "చెయ్యొచ్చేసిందే," అన్నాడు. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. తీసి ఒక్కొక్కటీ డబ్బాలో వేసింది. ఆ రాత్రి వంట ఆయన్ని అడిగి చేసింది. చాలా కాలం తర్వాత అడగడం.

నాకు తెలుసు. చెప్పే నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నా అంటే, ఏమో.

కూతురికి ఎంత సంబరమైందంటే, ఆయన పుట్టినరోజుకి వాయిదాల మీద కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చింది. కొత్త ఎమ్యులేటర్ దానిలో మారుమాట లేకుండా ఎక్కింది. సీడీలో ఆట అందులోకి మార్చింది. శబ్దం ఖణీమని మోగింది. బొమ్మ అద్దంలా ఉంది. దాన్ని నా పక్కనే పెట్టారు. దానికింకా కవరు కుట్టలేదు.

"కానీయండి నాన్నా," అంది హిమజ.

గంట మోగింది. ఆయన బొటనవేలు మీట కోసం వెతుక్కుంటూ ఉండగానే ముసుగువాడు వచ్చి మీద పడ్డాడు. లేచేలోపు మళ్ళీ పడ్డాడు. రెండో పట్టు కూడా అంతే. అప్పాజీ జాయ్‌స్టిక్ ఇంకొంచెం దగ్గరికి తీసుకుని మూడోసారి మొదలుపెట్టాడు. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. మిషను దగ్గర్నుంచి లేచొచ్చిన తాయారు ముసుగువాణ్ణి చూడలేదు, ఆయన వేళ్ళనీ చూడలేదు. అలవాటుగా పైన పట్టీలో అంకె చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"నూటికి నూరొచ్చాయండీ," అంది.

తెర మీద ఆయన మనిషి నేలకి కరుచుకుని పడి ఉన్నాడు.

హిమజ తల్లి వైపు చూసింది, ఆ అంకె వైపు చూసింది. తర్వాత మెల్లగా నా కవరు పైకెత్తి, నన్ను వెలిగించి, ఎమ్యులేటర్ తెరిచి, పైపట్టీలో యాభై ఒకటి ఉండటం చూసింది. ఆమె మొహం చూసి అప్పాజీకి అర్థమైంది. ఏళ్ళ తరబడి గేమ్ పెట్టెల మధ్య బతికిన మనిషికి ఆమాత్రం చెప్పక్కర్లేదు. ఆయన జాయ్‌స్టిక్ ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు. ఎడమచేత్తో తీశాడు.

తర్వాత ఆ ఇల్లు మళ్ళీ మొద్దుబారింది. ఆయన నా దగ్గరికీ రాలేదు, ల్యాప్‌టాప్ దగ్గరికీ వెళ్ళలేదు. బంతి ముట్టుకోలేదు. గ్రేస్ గారు వస్తే నిద్ర నటించాడు. తాయారు అంకె సంగతి కూతురి చేత రెండుసార్లు చెప్పించుకుంది. అర్థమయ్యాక, "నేనే కదే ఊరంతా చెప్పాను," అని మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఎవరి జాకెట్టో రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేసి, విప్పి, మళ్ళీ కుట్టింది. నా మీద ఆమెకి కోపం వచ్చిందేమో అనుకున్నాను. రాలేదు. కవరు సర్దింది.

ఒక ఆదివారం హిమజ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన మంచం మీద పెట్టింది.

"నాన్నా, దీన్లో వేగం మనిష్టం. ఇప్పుడు యాభైలో పెట్టాను. పాతదానంతే. దాచేదేం లేదు, అంకె పైన కనబడుతూనే ఉంటుంది."

ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. "సగం ఆటెందుకే నాకు," అన్నాడు.

"సగం చేతికి సగం ఆట. అది పెరిగితే ఇదీ పెంచుదాం."

అలాంటి మాటకి దెబ్బలాట వస్తుందనుకున్నాను. తాయారు కత్తెర పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆయన ఇటు తిరిగి, లేచి కూర్చుని, జాయ్‌స్టిక్ అందుకున్నాడు.

"యాభై ఒకటి పెట్టు," అన్నాడు.

చూశారా, నాకున్న సుగుణం నెమ్మదితనం ఒక్కటే. అది కూడా ఆ కొత్తది ఒక మీట నొక్కితే చేసేస్తుంది, పైగా ఎంత కావాలంటే అంత. ఇక నేను ఆ గదిలో ఒక బల్ల ఆక్రమించుకుని ఉండటానికి కారణం కనబడలేదు. వర్షాకాలం వెళ్ళేదాకా ఉంచారు. అప్పటికి అంకె యాభై ఎనిమిది అయింది. మధ్యలో యాభై ఆరు దగ్గర చాలా రోజులు ఆగింది, ఒకసారి వెనక్కి కూడా వచ్చింది. తాయారు ఇప్పుడు దాన్ని మార్కులనడం లేదు, "వేగం" అంటోంది. గ్రేస్ గారి దూది మాత్రం అలాగే ఉంది. "తెలీడం లేదండి," అనేవాడాయన, అలవాటైపోయిన గొంతుతో.

నన్ను పంపించేరోజు హిమజ నాలో ఉన్న పాత ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాకా పట్టింది. అన్ని గంటలూ కవరు నా మీదే ఉంది, తీయాలని ఎవరికీ తోచలేదు. పని అయ్యాక నన్ను ఆర్పేసి వైర్లు ఊడదీశారు. పాతసామాన్లవాడు గుమ్మం ముందు రిక్షా ఆపుకుని నిలబడ్డాడు. తాయారు కవరు తీసి మడిచింది. అది ఆమె దగ్గరే ఉంటుందట, కొత్తదానికి చిన్నది చేసి కుడుతుందట.

"నేనో చెయ్యి వేస్తానుండు," అని అప్పాజీ వచ్చాడు. అలవాటైన చోటే, నా నెత్తిన చెయ్యి వేశాడు. ఈసారి మధ్యన గుడ్డ లేదు.

వేసిన చెయ్యి వెంటనే తీసేశాడు.

"కాసేపు ఆగండే," అన్నాడు. "కాలిపోతోందిది."

హిమజ వైరు చుడుతూనే ఉంది. రిక్షావాడు బీడీ వెలిగించుకుంటున్నాడు. తాయారు మాత్రం మడిచిన కవరు గుండెలకి పట్టుకుని ఆయన చెయ్యి వైపు చూసింది.

"ఏ చేత్తో ముట్టుకున్నారండీ?" అంది.

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. ముందు ఎడమది. అందులో ఊతకర్ర ఉంది. తర్వాత కుడిది. దాన్ని మళ్ళీ తీసుకొచ్చి, ఒక్క వేలే, నా రేకు మీద ఆనించాడు. ఆనించి ఉంచాడు. కళ్ళు మూసుకున్నాడు. నాకు స్పర్శ లేదు కాబట్టి ఆ వేలు ఎలా ఉందో చెప్పలేను.

"వేడిగా ఉందే," అన్నాడు చిన్నగా. "నిజంగా వేడిగా ఉంది."

తాయారు ఆ వేలు పట్టుకుని నా మీంచి లాగేసింది, అప్పుడు గ్లాసు లాగినట్టే. అప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది.

రిక్షావాడు ఆలస్యమవుతోందని గొణుక్కున్నాడు. అతనికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. అప్పాజీకి కూడా ఇచ్చారు, కుడిచేతికి, చల్లార్చకుండా. ఆయన వేడికి గ్లాసు పట్టుకోలేక కిందపెట్టి, పంచె చెంగుతో పట్టుకున్నాడు. అది చూసి తల్లీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. అంతసేపూ నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

నన్ను పంపకుండా ఆపుతారేమో అని మీరు అనుకుంటున్నారేమో. ఆపలేదు. చల్లారాక పంపించారు.